కడప బండ, గవాచి వెలుగు, నీడ లేని నిమిషం

గూగుల్‌లో '30 రోజుల ఫొటో ఛాలెంజ్' అని కొట్టి చూడండి. లిస్టులు కుప్పలుగా వస్తాయి. ఒకటో రోజు సెల్ఫీ, రెండో రోజు కాఫీ కప్పు, మూడో రోజు పొగమంచు, ఐదో రోజు రాలిన ఎర్రటి ఆకులు, పదో రోజు సముద్రం. పొగమంచు కోసం మా కర్నూల్లో కూర్చుంటే సంక్రాంతి దాకా కూర్చోవాలి. అప్పుడైనా కనిపించేది మంచో, భోగికి కాల్చిన టైర్ల పొగో చెప్పలేం. సముద్రం కోసం కడపలో బస్సెక్కితే నెల్లూరు దాటి పోవాలి. ఎర్రటి ఆకుల సంగతి సరేసరి, మాకు ఎండాకాలంలో చెట్టు మీద పచ్చటి ఆకు నిలిస్తే అదే పండగ.

అయినా ఛాలెంజ్ అనే ఆలోచన మంచిదే. చేతిలో ఫోన్ ఉంది, అందులో మూడు కెమెరాలున్నాయి, ఏం తీసినా అడిగేవాళ్లు లేరు. సరిగ్గా అందుకే ఏమీ తీయబుద్ధి కాదు. మా కోడింగ్‌లోనూ ఇంతే. 'నీ ఇష్టం, ఏదో ఒకటి రాయి' అంటే ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చుంటాం. 'ఒక్క లూపుతో చేసి చూపించు' అంటే బుర్ర పరిగెత్తుతుంది. ఫొటోకైనా ఒక కట్టుబాటు పెట్టుకుంటేనే కన్ను పని మొదలుపెడుతుంది. ఆ కట్టుబాట్లేవో మన ఎండ, మన రాయి, మన ఇంటి నుంచే తీసుకుందాం అన్నది ఈ వారం ముచ్చట.

ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం కూడా దగ్గరికొచ్చింది. 1839లో ఆ రోజున ఫ్రాన్స్ ప్రభుత్వం డాగ్యుర్ కనిపెట్టిన ఫొటో పద్ధతిని ప్రపంచానికి ఉచితంగా ఇచ్చేసింది. మా భాషలో చెప్పాలంటే ఓపెన్ సోర్స్ చేసింది. (ఇంగ్లండులో మాత్రం డాగ్యుర్ పేటెంట్ తీసుకున్నాడు. ఆ తెలివి వేరే!) కొత్త ఫోన్ కొనక్కర్లేదు. లెన్స్‌ను మెత్తటి నూలు గుడ్డతో ఒకసారి తుడవండి, చాలు. ఫొటోలు మసకగా వస్తున్నాయని నాకు ఫోన్ చూపించే మిత్రుల్లో సగం మంది జబ్బు అక్కడే ఉంటుంది.

మొదటిది వంటింట్లోనే. సీమలో ఇల్లు కట్టారంటే కడప బండ ఎక్కడో ఒక చోట ఉంటుంది. పొయ్యి గట్టు కావచ్చు, గోడలో అలమర కావచ్చు, మెట్లు కావచ్చు. కర్నూలు వైపైతే బేతంచెర్ల బండలూ ఉంటాయి. మనం రోజూ తొక్కి తిరిగే ఈ నాపరాయికి స్టూడియోల్లో వాడే నల్ల బ్యాక్‌డ్రాప్ ఏ మాత్రం పోటీ కాదు. నీళ్లు చల్లి, తడిబట్టతో ఒక్కసారి తుడవండి. బూడిదరంగు బండ నల్లగా నిగనిగలాడుతుంది, పైన పెట్టిన వస్తువు నీడ అద్దంలోలాగా కనిపిస్తుంది. ట్యూబ్‌లైట్ ఆపేయండి. ఒక పక్క కిటికీ వెలుగు చాలు. బండ మీద ఒకే ఒక్క వస్తువు పెట్టండి: ఎండుమిరపకాయ, వెల్లుల్లి పాయ, ఇత్తడి చెంబు, ఏదైనా. షరతు ఏమిటంటే ఆ ఒక్కదాన్నే 20 ఫొటోలు తీయాలి, ఏ రెండూ ఒకలా ఉండకూడదు. మొదటి ఐదు అవలీలగా వస్తాయి. ఎనిమిదో దానికి విసుగు పుడుతుంది. పన్నెండు దాటాక, ఇక తీయడానికేం లేదు అనుకున్న తర్వాత వచ్చేవే చూడదగ్గవి. నా మాట నమ్మకపోతే చేసి చూడండి.

ఇక్కడో చిక్కుంది. మీరు నల్లగా చూసిన బండ ఫొటోలో వెలిసిపోయిన చొక్కాలా వస్తుంది. తప్పు ఫోన్‌ది కాదు, దాని లెక్కది. ఎంత ఏఐ అన్నా, ఫ్రేమ్‌లో ఉన్న వెలుగు మొత్తానికి సగటు కట్టి, దాన్ని నడిమి బూడిదరంగు దగ్గరికి లాక్కురావడమే కెమెరా మొదట చేసే పని. ఫ్రేమ్ నిండా నలుపుంటే 'అయ్యో చీకటి' అనుకుని వెలుగు పెంచేస్తుంది. ఫ్రేమ్ నిండా సున్నం కొట్టిన తెల్ల గోడ ఉంటే 'అబ్బో ఎండ' అనుకుని తగ్గించి, గోడను మురికిగా చేస్తుంది. కాబట్టి మిరపకాయ మీద వేలు పెట్టి, లాక్ పడేదాకా నొక్కి పట్టుకోండి. తర్వాత వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. నలుపు నలుపుగా, ఎరుపు ఎరుపుగా దిగుతాయి. తెల్ల గోడకైతే పైకి లాగాలి. ఈ ఒక్క గుర్తు చేతికి అలవాటైతే ఫిల్టర్లు సగం అవసరం పడవు.

మా అవ్వది మైదుకూరు వైపు. ఒక్క మిరపకాయ చుట్టూ నేను అటు తిరిగి, ఇటు తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని తీస్తుంటే కాసేపు చూసి, "దాన్నేమన్నా పెండ్లిచూపులకు తోల్కపోతాండావా నాయనా?" అనింది. ఆ ప్రశ్నకు జవాబు ఇంకా వెతుకుతున్నా.

రెండో ఛాలెంజ్‌కు పల్లె కావాలి, అందులోనూ మట్టిమిద్దె కావాలి. పాత మిద్దెల్లో పైకప్పుకు ఒక రంధ్రం వదులుతారు. వాన వస్తే బండతోనో రేకుతోనో మూస్తారు. పుస్తకాల్లో గవాక్షం, మన నోట గవాచి. పొద్దెక్కిన తర్వాత అందులోంచి వెలుగు స్తంభంలాగా దిగుతుంది. పొయ్యి పొగో, చాట చెరిగిన దుమ్మో తగిలితే ఆ స్తంభాన్ని చేత్తో పట్టుకోవచ్చా అనిపిస్తుంది. చాలామంది మనిషిని తీసుకొచ్చి ఆ వెలుగు కిందే కూర్చోబెడతారు. అప్పుడు నెత్తి తెల్లగా, కళ్లు గుంటల్లాగా వస్తాయి. మనిషిని వెలుగుకు ఒక మూర దూరంలో కూర్చోబెట్టండి. నేల మీద వెలుగు పడే చోట తెల్ల టవలు పరవండి. టవలు మీద పడి లేచిన వెలుగు మెత్తగా ముఖానికి తగులుతుంది. పెళ్లి ఫొటోగ్రాఫర్లు పట్టుకునే వెండిరంగు రేకు చేసే పని కూడా ఇదే.

మిద్దె లేదు, మాది అపార్ట్‌మెంట్ అంటారా? గది మొత్తం చీకటి చేయండి. కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టి, దానికి చిటికెనవేలు దూరేంత చిల్లు ఒకటి పెట్టండి. ఐదు నిమిషాలు ఓపిక పడితే కళ్లు చీకటికి అలవాటు పడతాయి. ఎదుటి గోడ మీద వీధి తలకిందులుగా కనిపిస్తుంది. ఆటో తలకిందులుగా పోతుంటుంది, ఎదురింటి బట్టలు పైకి వేలాడుతుంటాయి. ఫోన్‌ను పుస్తకాల దొంతర మీద ఆనించి, నైట్ మోడ్‌లో పెట్టి, టైమర్‌తో తీయండి. బయట వెలుగు ఎంత గట్టిగా ఉంటే గోడ మీద బొమ్మ అంత బాగా వస్తుంది. తిట్టుకునే ఎండ అక్కరకొచ్చే పని ఇదొకటి. వేపచెట్టు కింద నేల మీద గుండ్రటి వెలుగు చుక్కలు చూస్తుంటాం కదా, అవీ ఇలాంటి బొమ్మలే. ఆకుల సందుల ఆకారాలు కావవి, ఒక్కో సందు ఒక్కో సూర్యుణ్ని కిందికి దింపుతుంది. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణం నాడు చెట్ల కింద ఆ చుక్కలన్నీ నెలవంకలైపోయాయి.

ఇంట్లో ఏముంది తీయడానికి అనేవాళ్లకు ఒక పేరు చెప్తా. జోసెఫ్ సుదెక్ అని ప్రాగ్ నగరంలో ఒక ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోయింది. 1940లో, నగరం జర్మన్ల చేతిలో ఉన్న రోజుల్లో, తన స్టూడియో కిటికీని తీయడం మొదలుపెట్టి 1954 దాకా తీస్తూనే ఉన్నాడు. అదే కిటికీ. అద్దం మీద చెమ్మ, అవతల వంకర చెట్టు, గట్టు మీద గ్లాసు. మనకు చేతులు రెండు, కెమెరాలు మూడు.

ఇక ఎండ నడినెత్తికొచ్చే సమయం. ట్యుటోరియల్స్ అన్నీ 'మధ్యాహ్నం తీయొద్దు, గోల్డెన్ అవర్ దాకా ఆగండి' అంటాయి. సాయంత్రం ఆ గంట మన దగ్గర బంగారంగానే ఉంటుంది, కాదనను. కానీ రోజులో ఎక్కువ భాగం ఉండేది ఆ గట్టి ఎండే, దాన్ని వదిలేస్తే మన ఊరిని వదిలేసినట్టే. మధ్యాహ్నపు నీడలకు అంచులు కత్తిరించినట్టుంటాయి. మిద్దె మీద ఆరేసిన మిరపకాయలు, తీగ మీద చీర, ఇనుప మంచం నీడ: వస్తువును వదిలేసి నీడను మాత్రమే ఫ్రేమ్‌లో పెట్టడం ఒక ఛాలెంజ్.

దానికి తిరగేసింది ఇంకోటి ఉంది. నీడే లేని ఫొటో. ఏటా రెండు రోజులు మన దగ్గర సూర్యుడు నిజంగానే నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన చెంబు నీడ చెంబు కిందికే పోతుంది. కడప దాదాపు పద్నాలుగున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంటే, కర్నూలు పదహారుకు కొంచెం తక్కువ. సూర్యుడు ఉత్తరానికి పోయేటప్పుడు ఏప్రిల్ చివర్లో కడపను, మే మొదటి వారంలో కర్నూలును దాటుతాడు. తిరుగు ప్రయాణంలో ఆగస్టు 9 అటూఇటుగా కర్నూలు, 13 అటూఇటుగా కడప. సమయం 12 కాదు, మన గడియారంలో ఇంచుమించు 12.20. ఒకరోజు ముందు, ఒకరోజు తర్వాత కూడా తీసి పక్కపక్కన పెడితే నీడ ఎలా కుంచించుకుపోయిందో తెలుస్తుంది. ఆగస్టు మబ్బుల్ని నేనేం చేయలేను. మబ్బు పడితే మళ్లీ ఎండాకాలమే. ఢిల్లీ వాళ్లకు మాత్రం అక్కడే ఉంటే ఈ ఫొటో జన్మలో రాదు, సూర్యుడు ఇరవై మూడున్నర డిగ్రీల దగ్గరే వెనక్కి తిరుగుతాడు.

పగలు అయింది కాబట్టి రాత్రికి పోదాం. మాయాబజార్ (1957)లో పడవ మీద పాట గుర్తుందా? దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి, నిర్మాతల్లో ఒకరైన బి.నాగిరెడ్డిది కడప జిల్లా. ఆ వెన్నెల మాత్రం చంద్రుడిది కాదు, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే లైట్లతో పుట్టించింది. మనం టార్చితో పుట్టిద్దాం. గదిలో లైట్లన్నీ ఆపండి. ఇంకో ఫోన్ టార్చిని తెల్ల గుడ్డ చాటు నుంచి, పైనుంచి, ఒక పక్కగా వేయించండి. మీ ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్‌ను 3500 దగ్గర పెట్టండి, టార్చి తెలుపు నీలానికి తిరుగుతుంది. వెలుగు బాగా తగ్గించండి. స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి, వేలితో కదిపి, టార్చిని దాని మీద వేస్తే గోడ మీద అలలు ఆడతాయి. చందమామను ఫ్రేమ్‌లో పెట్టకూడదన్నదే షరతు. చూసేవాళ్లు తమంతట తామే దాన్ని పైన ఊహించుకోవాలి.

ఇల్లు దాటితే అసలు కష్టం మొదలవుతుంది, ఎందుకంటే బయటి ఫొటోలు అప్పటికే ఎవరో తీసేసి ఉంటారు. 'ఒక్కడు' (2003) వచ్చినప్పటి నుంచి కొండారెడ్డి బురుజు ముందు నిలబడి తీయని ఫొటో లేదు. గండికోటకు పోతే పెన్నా లోయ అంచున ఒకే రాయి మీద, ఒకే భంగిమలో, వరుసలో నిలబడి వంతుల వారీగా దిగుతారు. (ఆ అంచున రాళ్లు నమ్మదగ్గవి కావు. ఏ లైకూ అంత విలువ చేయదు.) ఇక మిగతాది సినిమా వాళ్లు పూర్తి చేశారు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "కర్నూలా? మీ వీధిలో సుమోలుంటాయా?" నవ్వేసి ఊరుకున్నా గానీ, అడిగినవాణ్ని తప్పు పట్టలేం. వాడు చూసిన సీమ బొమ్మలన్నీ అవే. మనం పెట్టిన బొమ్మలేవీ వాడి ఫోన్ దాకా పోలేదు. పోయినవేమో బురుజు, లోయ.

అందుకే ఇంకో కట్టుబాటు. గండికోటకు పోండి, లోయను తీయకండి. ధాన్యాగారం లోపల చీకట్లో పడే ఒక్క వెలుగు చార, జామా మసీదు కొలను మెట్లు, మాధవరాయ గుడి గోపురం నీడలో కునుకు తీసే మేకలు, కోట లోపలే కాపురముంటున్న ఊరు, ఇవన్నీ ఉన్నాయి. కొండారెడ్డి బురుజు దగ్గరికి పోండి, బురుజుకు వీపు పెట్టి నిలబడి, బురుజుకు రోజూ ఏం కనిపిస్తుందో అది తీయండి. మీ ఊరు చూడని మనిషికి పది ఫొటోల్లో ఊరు చెప్పండి. బురుజు, లోయ, సుమో, వేటకొడవలి నిషేధం.

నా పదిలో పొద్దున్నే ఉగ్గాని బజ్జీ బండి మీద లేచే ఆవిరి ఒకటి. శెనక్కాయలు ఒలిచే చేతులు ఒకటి. తాళం ఒకటి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో సుగ్గికి పోతారు, అంటే గుంటూరు మిరప చేలల్లో కోతలకు కుటుంబాలతో సహా వలస. అప్పుడు వీధికి వీధి తాళాలు కనిపిస్తాయి, గడపలో ముసలివాళ్లు మిగులుతారు. ఆ తాళంలో సుమో సినిమా కంటే ఎక్కువ కథ ఉంది. కానీ అలాంటి ఫొటో పెట్టేటప్పుడు ఊరి పేరు, లొకేషన్ తీసేయండి, ఇంట్లో ఎవరూ లేరని దొంగలకు చెప్పినట్టవుతుంది. మనుషుల్ని తీస్తే ముందు అడగండి, తీశాక చూపించండి, వద్దంటే వాళ్ల ముందే డిలీట్ చేయండి.

మనిషి లేకుండా మనిషిని చెప్పడం వచ్చింది కాబట్టి కలివికోడి సంగతి కూడా చెప్పాలి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లా సిద్దవటం దగ్గర మళ్లీ దొరికింది. రాత్రి తిరిగే పిట్ట, తుప్పల్లో దాక్కుంటుంది. దాన్ని వెతికిన పరిశోధకులు లంకమల ప్రాంతంలో కెమెరా ట్రాపులతో పాటు ఇంకో పని చేశారు. నేలను మెత్తగా చదును చేసి పెట్టి, పొద్దున్నే వచ్చి కాలిముద్రలు చూసేవాళ్లు. పిట్ట కోసం అడవిలోకి మీరు పోవద్దు. ఆ పద్ధతిని మాత్రం పెరట్లోకి తెచ్చుకోండి. రాత్రి ఒక మూర నేలను మెత్తగా చేసి వదిలేసి, పొద్దున ఏటవాలు ఎండలో తీయండి. కోడి, పిల్లి, ఉడుత, చెప్పు లేని ఒక చిన్న పాదం. వచ్చిన మనిషి లేడు, ముద్ర ఉంది.

చివరిది కష్టమైనది. కర్నూలు వాళ్లకు దీన్ని వివరంగా చెప్పనక్కర్లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చాయి. నేనప్పుడు ఏడో తరగతి. నీళ్లు తీశాక మా ఇంటి బురదలో దొరికినవాటిలో అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్ ఒకటి. పేజీలు విడదీస్తే ముఖాలు ఎదుటి పేజీకి అంటుకుని వచ్చాయి. ఆ వారం మా వీధిలో ఇంటింటి ముందూ ఫొటోలు ఆరబోసి ఉండేవి, వడియాలు పెట్టినట్టు. మా తాతకు ఇప్పుడు మిగిలింది పింఛను పుస్తకం మీద అంటించిన స్టాంపు సైజు ఫొటో ఒక్కటే. (ఎప్పుడైనా ఫొటోలు తడిస్తే, తడిగా ఉండగానే మంచినీళ్లలో మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. ఎండలో కాదు. ఆరిపోయి అతుక్కున్నవాటిని లాగకూడదు.)

కాబట్టి ఛాలెంజ్: ఇంట్లో, చుట్టాలిళ్లలో ఉన్న ప్రతి పాత ఫొటోకూ ఫొటో తీయాలి. ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన బల్ల మీద పరిచి, ఫోన్‌ను దానికి సమానంగా పట్టుకుని, కొంచెం దూరం నుంచి 2ఎక్స్‌లో తీస్తే అంచులు వంగవు. ఫ్రేమ్ కట్టి అద్దం ఉంటే, ఫోన్ వెనక ఒక నల్లగుడ్డ అడ్డం పట్టించండి, మెరుపు రాదు. ఫొటో వెనక్కి తిప్పి అది కూడా తీయండి. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో పెన్సిల్‌తో రాసిన పేరు అక్కడే ఉంటాయి. అంతకంటే ముఖ్యం, తీసేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని 'ఇది ఎవరు?' అని అడిగి, వాళ్ల గొంతు రికార్డు చేయండి. ఫొటో మళ్లీ తీయొచ్చు, ఆ పేర్లు చెప్పేవాళ్లు మాత్రం ఒక్కరో ఇద్దరో ఉంటారు. తర్వాత వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అది పిండేసి పంపుతుంది. ఒక కాపీ ఫోన్‌లో కాకుండా ఇంకెక్కడైనా పెట్టండి.

కర్నూలు ఇంట్లోవి పోయినా, మైదుకూరులో అవ్వ ట్రంకు పెట్టెలో ఉన్నవి మిగిలాయి. పోయిన నెల కూర్చుని తీస్తే 41 ఫొటోలు తేలాయి. మిరపకాయకు పెళ్లిచూపులని ఎగతాళి చేసిన మనిషే, ఈసారి తనే వెలుగు చాలదని తలుపు తీసింది. 33 ఫొటోల్లో ఎవరెవరున్నారో పేర్లతో సహా చెప్పింది. మిగతా ఎనిమిదింటి కోసం వచ్చే ఆదివారం ప్రొద్దుటూరులో ఉన్న మా పెద్దమ్మ ఇంటికి పోతున్నాం.